ఊరు: వలస

మా కోహెడకు సముద్రం ఎంత దూరమో ఈ మార్చి దాకా నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. నిజాం రాజ్యానికే సముద్రం లేదు, మాకెక్కడిది? చిన్నప్పుడు మాకు తెలిసిన పెద్దనీళ్లంటే ఇబ్రహీంపట్నం పెద్దచెరువే. అది అలుగు పారుతోందంటే చూడ్డానికి బండి కట్టించుకుని పోయేవాళ్లం. ఓడను నేను మొదట చూసింది సినిమాలో.

అలాంటి ఊళ్లో, మా ఇంటి అరుగు మీద, ఓ ఓడ కాగితం ముందు పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నాం.

తెచ్చినావిడది డర్బన్. దక్షిణాఫ్రికాలో మా అబ్బాయితో పనిచేసే కుర్రాడి తల్లి. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైంది. నేను టీచరమ్మ అనేవాణ్ని, మా ఆవిడ మొదటిపూట నుంచే అక్కా అని పిలిచింది. శంషాబాద్‌లో దిగినవాళ్లకు ఔటర్ రింగు రోడ్డు మీద మా ఊరు దగ్గరే. రెండు రోజులు మా ఇంట్లో ఉండి, ఆ తర్వాత ముత్తాత ఊరు వెతుక్కుంటూ కోస్తాకు పోవాలని ఆమె ఆలోచన. కారు నాది, తోడు నేను.

కాగితం చేతిరాతకు తీసిన జిరాక్సు. నిలువుగా గళ్లు: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, ఎత్తు, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీది గుర్తులు. ఆమె ముత్తాత ఒక్క వరసలో ఉన్నాడు. వయసు 22. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఎడమ ముంగాలి మీద మచ్చ. జిల్లా వైజాగపటాం, ఠాణా బిమ్లిపటాం. ఊరు గడిలో ఇంగ్లిషులో ఉన్న ముక్కను కూడబలుక్కుని చదివితే 'వల్సా' అని వచ్చింది.

"వలస," అన్నాను.

అర్థమేమిటని అడిగింది. చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, నేను వేళాకోళమాడుతున్నాననుకుంది.

వేళాకోళం కాదు. ఉత్తరాంధ్రలో ఊరి పేరు చివర వలస అని ఉండటం మామూలు. కొత్తవలస, చిట్టివలస, జియ్యమ్మవలస. ఎప్పుడో ఎక్కణ్నుంచో కదిలొచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లకు ఆ పేరే నిలిచిపోయింది. మద్రాసులో కూలీలను ఓడెక్కించే డిపోలో కూర్చున్న గుమాస్తాకు ముందుమాట వినపడలేదో, విన్నా రాయడానికి బద్ధకించాడో, తోకను మాత్రం రాసి ఊరుకున్నాడు. ఓడెక్కబోయేవాణ్ని నీ ఊరేదంటే వలస అన్నట్టు ఉంది ఆ గడి.

డర్బన్ ఉన్న నాతాల్‌కు ఒప్పందం మీద కూలీలను పంపడం 1860లో మొదలైంది. ట్రూరో అనే మొదటి ఓడ మద్రాసు నుంచి బయల్దేరి ఆ ఏడు నవంబర్ 16న డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది. చివరి ఓడ ఉమ్లాజీ 1911 జూలైలో చేరింది. మధ్యలో ఆ యాభై ఒక్క ఏళ్లలో వెళ్లినవాళ్లు 1,52,184. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు మీదుగా పోయినవాళ్లే, అంటే తమిళులూ మనమూ. అయిదేళ్ల ఒప్పందం. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏడాదికో షిల్లింగు పెంపు. ఒప్పందం తీరినా ఉండిపోయినవాళ్ల మీద 1895 చట్టంతో మనిషికి ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు. పది షిల్లింగుల కూలివాడికి అది ఆర్నెల్ల జీతం.

ఇన్ని చేసినవాళ్లు ఒక్కటి మాత్రం వదిలిపెట్టకుండా చేశారు. ప్రతి మనిషినీ రాసుకున్నారు. ఓడలవారీగా ఆ జాబితాలన్నీ మిగిలాయి. డర్బన్‌లోని విశ్వవిద్యాలయం గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్లో వాటిని కంప్యూటర్లోకి ఎక్కించారు. సురేంద్ర భానా అనే చరిత్రకారుడు ఈ ఓడ జాబితాలనే ఆధారం చేసుకుని ఓ పుస్తకమే రాశాడు. మారిషస్‌లో అయితే మోకా ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రికార్డులున్నాయి, కొందరివి ఫోటోలతో సహా. ఫిజీ వాళ్లకు మనిషికో పాసు.

ప్రేమతో రాసుకున్నారని కాదు. పారిపోతే పట్టుకోవడానికి మచ్చ కావాలి, ఒకడి బదులు ఇంకొకడు పోకుండా ఎత్తు కావాలి. పశువుల సంతలో రశీదు మీద కొమ్ములూ సుడులూ రాసినట్టే ఇదీ. నంబరు ఒకసారి పడ్డాక పనికీ, పెళ్లికీ, విడుదల కాగితానికీ అదే. అయినా నూటపాతికేళ్ల తర్వాత మునిమనవరాలి చేతిలో ఉన్నది అదే.

రెండో సాయంత్రం మా పెద్దనాయన వచ్చాడు. ఎనభై ఆరేళ్లు. కాగితమంతా నేను చదివి వినిపిస్తే విని, "నీ ముత్తాత పేరేందిరా?" అన్నాడు నన్ను. వెంటనే నోటికి రాక నీళ్లు నమిలాను. తాత పేరు తెలుసు. తాత తండ్రి పేరు కూడా తెలుసు, అదీ ఖాస్రా పహాణీ పుణ్యమా అని. 1954-55 నాటి ఆ పహాణీ నకలు భూమి పంచాయితీ కోసం ఒకప్పుడు తీయించాను. అందులో తాత పేరు, 'వల్ద్' అని ఉర్దూలో ఫలానావాడి కొడుకని, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు. అంతే. మనిషి పొట్టో పొడుగో లేదు. అదైనా పట్టా ఉన్నవాడికి. కౌలుకు చేసేవాడైతే రక్షిత కౌలుదారు రిజిస్టర్లో పడ్డాడేమో. మా వాడకట్టు అవతల జీతానికున్నవాళ్ల తాతలు దేంట్లోనూ లేరు.

"ఓడ ఎక్కినోని పేరు ఉన్నది, మచ్చ ఉన్నది. ఊర్లో ఉన్నోని పేరు లేకపాయె," అన్నాడు పెద్దనాయన. దాన్ని టీచరమ్మకు ఇంగ్లిషులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

అప్పుడే ఆమె తన దగ్గరున్న తెలుగు మాటలు బయటపెట్టింది. మొత్తం పాతిక ఉంటాయేమో. అన్నం, ఉప్పు, దండం, రా, పో, దేవుడు. చివర్న, "మా అమ్మమ్మ నన్ను గుంటా అని పిలిచేది," అంది.

పెద్దనాయన నవ్వాపుకోలేకపోయాడు. "ఎన్ని గుంటలు?" అన్నాడు. మా దగ్గర గుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు. వెంచర్లు వచ్చాక ఆ మాట పలికితే చాలు, అందరూ చెవులు రిక్కిస్తారు. లేదంటే నీళ్లగుంట. ఆడపిల్లను గుంటా అని మావైపు ఎవరూ పిలవరు. కానీ విజయనగరం, శ్రీకాకుళం వైపు పిలుస్తారు. ఓడ గుమాస్తా సగం మింగేసిన చిరునామాలో మిగతా సగం ఆ మాటలో ఉందని నాకు అప్పుడే అనిపించింది.

మర్నాడు తెల్లవారుజామున బయల్దేరాం. మా ఊరి మామిడి మార్కెట్టు కథ దారిలో ఆమెకు చెప్పాను. 2020 వేసవిలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును మా ఊరికి తెచ్చారు. గాలివానకు రేకుల షెడ్లు కూలాయి. మార్కెట్టు తర్వాత బాటసింగారం వెళ్లింది. ఊళ్లే కాదు, మార్కెట్లూ వలస పోతాయి మా దగ్గర.

పెద్దఅంబర్‌పేట దగ్గర హైవే ఎక్కితే విజయవాడ, అది దాటి ముక్కుసూటిగా పోతే బందరు. గోల్కొండ సుల్తానులకు సముద్రమంటే బందరే. వజ్రాలు, కలంకారీ బట్టలు ఓడెక్కేది అక్కడే. హయత్‌బక్షీ బేగం కట్టించిన మసీదు హయత్‌నగర్‌లో ఇప్పటికీ ఈ దారి పక్కనే ఉంది. సముద్రం లేదు లేదంటూనే సముద్రానికి పోయే రోడ్డు పక్కనే ఇన్నేళ్లూ బతికామన్నమాట.

మా వైపు వాళ్లు వలస పోలేదా అని అడిగింది టీచరమ్మ. పోకేం! సముద్రం దాటి కాదు, బొంబాయి పోయారు. అక్కడి కామాఠీపురకు ఆ పేరు వచ్చింది నిజాం ఇలాకా నుంచి పోయి ఇళ్లు కట్టే పని చేసిన తెలుగు కామాఠీల వల్లే. వాళ్ల ఎత్తు ఎవరూ కొలవలేదు.

సూర్యాపేటలో టీ, విజయవాడలో భోజనం. గోదావరి వంతెన మీద ఆమె కారు ఆపమంది, అక్కడ ఆపకూడదన్నాను. చీకటిపడ్డాక కాకినాడ చేరాం.

పాత ఓడరేవు కోరంగి చూడాలన్నది ఆమె పట్టు. నిజానికి ఆమె ముత్తాతకు కోరంగితో పని లేదు. ఆయన ఎక్కింది మద్రాసులో. కానీ మారిషస్‌లో ఆమెకు స్నేహితులున్నారు. అక్కడి తెలుగువాళ్లు 1843 నాటి 'కొరింగా పాకెట్' అనే ఓడ పేరు ఇప్పటికీ తలుచుకుంటారు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. పోర్ట్‌లూయీలో కూలీలు దిగి ఎక్కిన మెట్లున్న ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. దిగిన చోటు అంత జాగ్రత్తగా ఉంటే, ఎక్కిన చోటు ఎలా ఉందో చూడాలని ఆమెకు.

ఎలా ఉంది? బురదగా ఉంది. కాకినాడ నుంచి యానాం పోయే రోడ్డు మీద కోరంగి. మడ అడవి, అభయారణ్యం బోర్డు, చెట్ల మధ్య చెక్క బాట, బళ్లనుంచి విహారానికొచ్చిన పిల్లలు. 1789లో ఓ ఉప్పెన, 1839 నవంబర్లో ఇంకో ఉప్పెన ఈ రేవును ముంచేశాయి. గోదావరి మేట మిగతా పని పూర్తిచేసింది. ఓడల బాగుచేతకు పేరుపడ్డ రేవు ఇది. రంగూన్‌లో తెలుగు కూలీలందర్నీ, వాళ్లు ఏ జిల్లావాళ్లయినా సరే, కొరంగీలనే పిలిచేవారు. ఊరు మునిగింది, పేరు మాత్రం బర్మాలో ఒక జాతికి మిగిలింది.

చెక్క బాట చివర నిలబడి బురదలో పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్లను ఆమె ఫోటో తీసింది. ఓడకు సంబంధించిన రాయి గానీ బోర్డు గానీ మాకు కనబడలేదు. ఇక్కణ్నుంచి పోయినవాళ్ల మనవలు విమానం దిగి వస్తారని ఎవరికీ తట్టనట్టుంది. మడ అడవి గురించి బోర్డులు పెట్టినవాళ్లు మనుషుల గురించి ఒక్కటి పెట్టలేరా!

మర్నాడు సింహాచలం. ఇది నా పట్టు. ఓడ జాబితాల్లో వైజాగపటాం జిల్లా పేర్లు చదివితే తెలుస్తుంది: అప్పడు, అప్పన్న, అప్పమ్మ, అప్పలస్వామి, సన్యాసి, నూకడు. గుమాస్తా ఎన్ని విధాల చెడరాసినా అప్పన్న దాగడు. ఊరి గడి అబద్ధమాడొచ్చు, పేరు గడిలో దేవుడు కూర్చుని ఉంటాడు. ఆమె ముత్తాత తండ్రి పేరులోనూ ఆ స్వామే ఉన్నాడు. కొండ మీద క్యూలో రెండు గంటలు నిలబడ్డాం. ఏడాది పొడుగునా చందనంలో ఉండే దేవుడు, అక్షయతృతీయ నాడు మాత్రమే అసలు రూపంతో కనబడతాడు అని చెబితే, "అయితే మనం తొందరగా వచ్చేశాం," అంది.

అక్కణ్నుంచి భీమిలి. గుమాస్తాలు బిమ్లిపటాం అని రాసింది దీన్నే. ఆ రాతలు చదవడానికి వేరే బాలశిక్ష కావాలి: చికాకోల్ అంటే శ్రీకాకుళం, కోకనాడ అంటే కాకినాడ, ఎల్లోర్ అంటే ఏలూరు, మసూలిపటాం అంటే మన బందరు. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చక్కగా ఉన్నాయి, రాళ్ల మీద పేర్లు చెక్కి, తేదీలతో. వ్యాపారానికొచ్చి ఇక్కడ పోయినవాడికి రాయి ఉంది. ఇక్కణ్నుంచి పోయి చెరుకు తోటల్లో పోయినవాడికి జిరాక్సు ఉంది. ఆమె ఆ మాట అనలేదు, నాకే తోచింది.

భీమిలి ఠాణాలో వలస అంటే మొదట వెతకాల్సింది చిట్టివలస. గోస్తనీ నది ఒడ్డున, మూతపడ్డ జూట్ మిల్లు ఉన్న ఊరు. ఈ వైపు పండే గోగునారకు ప్రపంచ మార్కెట్లో బిమ్లిపటాం జూట్ అనే పేరు. మిల్లు గేటు ఎదుట టీ బడ్డీ దగ్గర నలుగురు పెద్దవాళ్లు కూర్చుని ఉంటే వెళ్లి కాగితం చూపించాను.

"ఏటి బాబూ, ఎవులి కోసం?"

చెప్పాను. కాగితం చేతులు మారింది. "నాతాలు? అదెక్కడ? రంగం కాదా?" అన్నాడొకాయన. రంగం అంటే వాళ్లకి రంగూన్. "రంగం ఎల్లినోళ్లయితే మాకు తెలుసును. మా తాత ఎల్లాడు. నడుచుకుంటా ఒచ్చాడు, యుద్ధంలో." 1942లో బర్మా నుంచి కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్లలో ఒకడన్నమాట. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట వెలిసింది బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల వల్లే. మరి ఆ తాత పేరు ఏ కాగితంలోనైనా ఉందా? ఉండదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. రంగం పోవడమంటే ఇంకో రాష్ట్రానికి పోయినట్టు లెక్క. నాతాల్ పోయినవాడిలా మచ్చలు చూసి రాసుకునే పని అక్కడ లేదు. లక్షల మంది పోయి, లక్షల మంది వచ్చి, మనవడి నోట్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

టీచరమ్మ ముత్తాత గురించి మాత్రం ఎవరికీ తెలీదు. తెలియాలని నేను అనుకోలేదు. ఆ పేరు, తండ్రి పేరు ఈ చుట్టుపక్కల ప్రతి వీధికీ ఉంటాయి. పైగా వలస అంటే ఇదొక్కటే అని ఎవరు చెప్పొచ్చారు? "అయ్యా, వలసలకేం, బోలెడు," అని వాళ్లే నాలుగైదు ఊళ్ల పేర్లు చెప్పారు. ఆమె పుస్తకం తీసి అన్నీ ఇంగ్లిషులో రాసుకుంది. ఆమె రాసుకున్నది చూస్తే, అచ్చం ఆ గుమాస్తా రాసినట్టే ఉంది స్పెల్లింగు.

కారు దగ్గరికి తిరిగి వస్తున్నాం. పక్క సందులోంచి ఓ ముసలావిడ గొంతు గట్టిగా వినపడింది.

"ఒలే గుంటా! ఇలా రాయే!"

టీచరమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, తననే పిలిచినట్టు రెండడుగులు వేసింది కూడా. సందులోంచి ఏడెనిమిదేళ్ల పిల్ల చెప్పుల్లేని కాళ్లతో ఆమెను రాసుకుంటూ పరిగెత్తింది. ముసలావిడ ఆ పిల్ల జడ పట్టుకుని, మమ్మల్ని చూసి, "ఎవులమ్మా?" అంది.

టీచరమ్మ దగ్గరున్న పాతిక మాటల్లో దానికి జవాబు లేదు. దండం పెట్టింది. ముసలావిడ లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగాం. నేను కాగితం బయటికి తీయబోతే టీచరమ్మ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

విశాఖలో ఆమె విమానం ఎక్కింది. వలస ఊళ్ల జాబితా ఆమె దగ్గర ఉంది, మళ్లీ ఏడాది వచ్చి ఒక్కొక్కటే చూస్తానంది. ఎవరైనా ఇలా వెతుక్కుంటూ వచ్చేవాళ్లుంటే నా సలహా ఒకటే: ఊరు గడి మీద ఆశ పెట్టుకోకండి. నంబరు, తండ్రి పేరు, ఠాణా పట్టుకోండి. ఇంట్లో ముసలివాళ్లు వాడిన వింత మాటలుంటే, అర్థం తెలియకపోయినా సరే, విన్నది విన్నట్టు రాసుకుని తీసుకురండి.

నేను కోహెడ చేరేసరికి రాత్రయింది. మర్నాడు పొద్దున్నే మనవడి నోటుబుక్కు ఒకటి, మా ఆవిడ కుట్టుమిషన్ దగ్గరి టేపు ఒకటి తీసుకుని పెద్దనాయన ఇంటికి పోయాను. గోడకు ఆనించి నిలబెట్టి కొలిచాను. "నన్ను గూడ ఓడెక్కిస్తున్నవా ఏందిరా?" అన్నాడు గానీ, కదలకుండా నిలబడ్డాడు. అయిదడుగుల రెండంగుళాలు. వయసులో ఇంకా పొడుగుండేవాడట. కుడి మోచేతి కింద మచ్చ, మోట కొట్టేటప్పుడు తాడు తెగి తగిలింది. తండ్రి పేరు, తాత పేరు చెప్పాడు. తాత తండ్రి పేరు దగ్గర చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుని, రెండు పేర్లు చెప్పి, రెండింట్లో ఏదో ఒకటన్నాడు. రెండూ రాశాను.

ఊరు గడిలో కోహెడ అని రాశాను. సిద్దిపేట జిల్లాలో ఇంకో కోహెడ ఉంది కాబట్టి, పక్కనే 'ఇబ్రహీంపట్నం దగ్గరిది' అని కూడా రాశాను.